బన్నింపడా, మన్నింపడా?

హన్మకొండ సైకిలు: పొద్దున సైకిల్ తిరగేసి వెనక గేరు సరిచేస్తున్నాను. లివర్ నొక్కితే చైన్ పక్కనున్న పెద్ద పళ్ళచక్రం మీదికి ఎక్కదు, టకటకమంటూ అక్కడే ఊగుతోంది. ఆ ఊపులో పోతన గజేంద్ర మోక్షంలోని ‘సిరికిం జెప్పడు’ పద్యం నోటికొచ్చి, రెండో పాదంలో ఆగిపోయింది. ‘అభ్రగపతిం బన్నింపడు’ అనా, ‘మన్నింపడు’ అనా? మా నాయన మన్నింపడు అనే చదువుతాడు. బన్నింపడే అయితే, చైన్‌ని పంటి మీద కూర్చోబెట్టడాన్ని కూడా పన్నించడం అనొచ్చా?

మడికొండ మాస్టారు: మన్నింపడు ఎట్లా అవుతుంది? గరుడుణ్ణి వాహనంగా సిద్ధం చేయించలేదని అర్థం. రథం పన్నడం వినలేదా?

పాత డైనమో: లక్ష్మికే చెప్పనివాడు గరుడుణ్ణి మన్నించలేదంటే తప్పేముంది సార్? ఆ తొందరకు అదే అతుకుతుంది. గణమూ చెడదు. ‘పతిన్మన్నింపడు’ అని న, మలను కలిపి సంశ్లేషం చేస్తే ‘తి’ గురువే.

మడికొండ మాస్టారు: గణం సరే, యతి ఏదయ్యా? ఈ పద్యం మత్తేభం, పాదం మొదటి అక్షరంతో 14వ అక్షరం పొసగాలి, అదే యతి. పాదం మొదట్లో ‘పరివారంబు’. పకారానికి బ కుదిరినట్టు మ కుదురుతుందా?

పాత డైనమో: పు, బులకు ము చెల్లుతుంది కదా.

మడికొండ మాస్టారు: ము చెల్లుతుంది. ఇక్కడున్నది మ.

బమ్మెర బాట: పోతనకు యతి వెతుక్కునే పని ఉండదు, నడుస్తుంటే కాళ్ళకు తగులుతుంది. మా పాలకుర్తి పక్కనే పుట్టినవాడు మరి.

కడప అల్లుడు: పోతన ఊరైన ఏకశిలానగరం అంటే ఒంటిమిట్ట అనేవాళ్ళం కూడా ఈ గ్రూపులో ఉన్నామండీ.

బమ్మెర బాట: ఉండండి బావా, కాదన్నామా? ఊరి పేరే బమ్మెర, ఇంటిపేరే బమ్మెర. ఇంకేం కావాలి?

పాత డైనమో: అసలు పన్ను అంటే దంతం. చైన్ పంటికి చిక్కితేనే బండి కదులుతుంది. పన్నించడం అంటే పంటికి పట్టించడమే, వాహనానికి సరిగ్గా సరిపోయింది చూడండి.

మడికొండ మాస్టారు: సరిపోలేదు. దంతం తమిళంలో పల్, మనకు పల్లు, పన్ను. క్రియ వేరు, దానికి చుట్టం తమిళంలోని పణ్ణు, చేయడమని. ఎక్కడి ల, ఎక్కడి ణ! పైగా గరుడుడికి పళ్ళెక్కడివి?

కాజీపేట గేరు: మీరు కానివ్వండి. అన్నా, అది కేబుల్ వదులు. లిమిట్ స్క్రూలు ముట్టుకోకు, అవి చైన్ అటు చువ్వల్లోకీ ఇటు ఫ్రేమ్ మీదికీ పడకుండా కాసేవి, అంతే. కేబుల్ గేరులోకి దూరేచోట తిప్పుడు బిళ్ళ ఉంటుంది చూడు, వెనక నుంచి చూస్తూ గడియారానికి ఎదురు దిక్కున పావు చుట్టు తిప్పు. కేబుల్ కొత్తదైతే మొదట్లో వదులవడం మామూలే. అప్పటికీ కాకుంటే వెనక గేరును ఫ్రేమ్‌కు పట్టి ఉంచే హ్యాంగర్ వంగిందేమో చూడు. గోడకు ఆనించినప్పుడు కింద పడిందా?

హన్మకొండ సైకిలు: తిప్పాను, ఎక్కింది. ఇప్పుడు చిన్నదాని మీదికి దిగనంటోంది.

కాజీపేట గేరు: బిగువు ఎక్కువైంది. సగం వెనక్కి తిప్పు.

పాత డైనమో: అంటే ఇప్పుడు పన్నినట్టా, పన్నించినట్టా?

మడికొండ మాస్టారు: తానే తిప్పుకున్నాడు కాబట్టి పన్నినట్టు. ఇంకొకరితో చేయిస్తేనే పన్నించడం.

కాజీపేట గేరు: తిప్పించింది నేను కదా సార్!

హన్మకొండ సైకిలు: నాయనకు ఫోన్ చేసి యతి సంగతి చెప్పాను. ‘నేనెప్పుడూ బన్నింపడు అనే చదువుత గదరా, నీకే సరిగ్గ వినపడలె’ అన్నాడు.