అప్‌డేట్: నడుం నొప్పికి ఏ పరుపు కొనాలి అని అడిగాను కదా, తేలింది

పొద్దున లేవగానే నడుం పట్టేస్తోంది, కాయర్ పరుపు తీసేసి మెమరీ ఫోమ్ కొనాలా అని రెండు నెలల కింద అడిగింది నేనే. రిప్లై ఇచ్చిన అందరికీ థాంక్స్ అండి.

పనికొచ్చిన సలహా ఏంటంటే, కొనేముందు నాలుగు రోజులు అదే పరుపు నేల మీద వేసుకుని పడుకోమన్నారు చూడండి, అది. మూడో రోజుకే సగం తగ్గింది, డౌటొచ్చి మంచం చూస్తే నడిమి చెక్కలు రెండు కిందకి వంగిపోయున్నాయి, పరుపుకి ఏడేళ్లు, నేను పడుకునే వైపు గుంట కూడా. కార్పెంటర్‌తో ప్లైవుడ్ వేయించి 6 అంగుళాల మీడియం ఫర్మ్ (మరీ మెత్తగా, మరీ గట్టిగా కాకుండా మధ్యస్థంగా ఉండే) పరుపు కొన్నాం. చాప మీద పడుకుంటే పోయే నొప్పికి ఇంత ఖర్చా అని మా అత్తయ్య ఇంకా అంటూనే ఉన్నారు.

కాలికి తిమ్మిరి, లాగడం లేవు కాబట్టి ఎక్స్‌రే అక్కర్లేదన్నారు డాక్టర్, పక్కకి తిరిగితే మోకాళ్ల మధ్య దిండు పెట్టుకోమన్నారు. ఎంత గట్టిగా ఉంటే అంత మంచిది అనుకునేదాన్ని, కానీ 2003లో లాన్సెట్ అనే మెడికల్ జర్నల్‌లో వచ్చిన స్పెయిన్ స్టడీలో, 313 మంది మీద, మరీ గట్టివాటికన్నా మీడియం ఫర్మే నయమని తేలింది. కవర్ మీద ఆర్థోపెడిక్ అని ఉందా లేదా అని నేను పడ్డ టెన్షన్ మొత్తం వేస్ట్.