డెంగీ సీరంలో యాంజియోపొయటిన్-1 విలువను నమ్మవచ్చా?

బరంపురంలో ఒక ల్యాబులో పనిచేస్తున్నాను. తీవ్రమైన డెంగీలో ఎవరి ప్రాణానికి ముప్పుందో రక్తనాళాల సూచికలతో ముందే పసిగట్టగలమా అని చూస్తున్నాం. యాంజియోపొయటిన్-1, 2 అనే రెండు ప్రోటీన్లనూ ఎలైసాతో (యాంటీబాడీలతో ప్రోటీన్ మోతాదు కొలిచే పరీక్ష) కొలుస్తున్నాం. రెండోది రక్తనాళం లోపొర దెబ్బతిన్నప్పుడు బయటికి వస్తుంది, మొదటిది ఆ పొరను బిగువుగా ఉంచుతుంది. చిక్కంతా మొదటిదానితోనే.

జ్వరం మొదలైన 4-6 రోజుల మధ్య, చికిటి, పర్లాకిమిడి వైపు నుంచి వచ్చినవాళ్ల రక్తం ఇది. ఒకే మనిషి, ఒకే సూది. ఎర్రమూత ట్యూబు (రక్తం గడ్డకట్టాక మిగిలే సీరం కోసం), ఊదామూత ట్యూబు (గడ్డకట్టనివ్వకుండా తీసే ప్లాస్మా కోసం) రెండింటిలోనూ తీశాం. యాంజియోపొయటిన్-1 సీరంలో ప్లాస్మా కంటే ఎన్నో రెట్లు ఎక్కువ వస్తోంది. 2 మాత్రం రెండింటిలోనూ దగ్గరదగ్గరగానే ఉంది.

కిట్ లాట్ మార్చాను. స్టాండర్డ్ కర్వ్ కొత్తగా వేశాను. 1:5, 1:20 డైల్యూషన్లు డూప్లికేట్‌లో చేశాను. తేడా పోలేదు. మిగిలిన ప్లేట్‌లెట్లు పోయేలా ప్లాస్మాను సెంట్రిఫ్యూజ్‌లో రెండోసారి 10,000 జి దగ్గర 10 నిమిషాలు తిప్పితే విలువ ఇంకా పడిపోయింది. అంటే రక్తం గడ్డకట్టేటప్పుడు ప్లేట్‌లెట్లు వదిలినదాన్నే సీరంలో కొలుస్తున్నాం అనిపిస్తోంది. మా పేషెంట్లలో కొందరికి ప్లేట్‌లెట్లు 20 వేలకు పడిపోయాయి. వాళ్లలో విలువ తగ్గితే అది నాళం దెబ్బా, ప్లేట్‌లెట్ల కొరతా?

పోయిన సీజన్ శాంపిళ్లన్నీ సీరమే, మైనస్ 80లో ఉన్నాయి. చనిపోయినవాళ్లవీ వాటిలోనే ఉన్నాయి, మళ్లీ తీయలేం. పారేయడానికి మనసు ఒప్పడం లేదు.

ప్లేట్‌లెట్ కౌంట్‌ను లెక్కలోకి తీసుకుని ఈ సీరంలోని 2/1 నిష్పత్తిని వాడవచ్చా, లేక యాంజియోపొయటిన్-2 ఒక్కదాన్నే ఉంచుకోవాలా?