నిప్పులు చెరగడం, తూర్పారబట్టడం, ఊకదంపుడు: ఇవి ఎవరి చేతిపనిలోంచి వచ్చాయి?

పేపర్లో రాజకీయ వార్తలు చదివేవాళ్లకి ఈ మూడు మాటలూ కొట్టినపిండే. ప్రతిపక్ష నేత ప్రభుత్వంపై నిప్పులు చెరుగుతాడు, బడ్జెట్‌ను తూర్పారబడతాడు, మంత్రిగారు లేచి ఊకదంపుడు ఉపన్యాసం ఇస్తారు. మొన్న ఇక్కడ ఒకరు "నిప్పులు చెరగడంలో చెరగడం అంటే తుడిచెయ్యడమా?" అని అడిగారు. కామెంట్లో రాస్తే చేటభారతం అవుతుందని విడిగా పెడుతున్నాను. ఈ మూడు మాటలూ వ్యవసాయంలో ఆడవాళ్లు చేసే పనుల్లోంచి వచ్చినవేనని నా వాదన.

కాదండీ. చెరగని ముద్ర, చెరిగిపోయిన బొట్టు అన్నప్పుడు చెరగడం అంటే మాసిపోవడం. చీర చెరగు ఇంకో మాట. నిప్పులకి అంటుకున్నది మాత్రం చేటతో బియ్యం చెరిగే చెరగడమే.

చేటని (తెలంగాణలో చాట) ఒకసారి గుర్తు చేసుకోండి. వెదురు బద్దలతో అల్లుతారు, మూడు పక్కలా గట్టు, ముందు మాత్రం ఖాళీ. దంచిన బియ్యం అందులో పోసి, రెండు చేతులా పట్టుకుని, ముందు అంచుని పైకి ఎగరేసి వెంటనే లోపలికి లాగుతారు. బరువున్న గింజ వెనక్కి వచ్చి పడుతుంది, ఊక ముందు నుంచి ఎగిరిపోతుంది. ఎగరెయ్యడం ఎవరైనా ఎగరేస్తారు, పనితనమంతా ఆ లాగడంలోనే. ఒక్క క్షణం ఆలస్యమైతే గింజలూ నేలపాలే. ఆ చేటలో బియ్యానికి బదులు నిప్పులు పోసి ఎదుటివాడి మీదికి చెరిగితే ఎలా ఉంటుందో అదే ఈ పలుకుబడి. వింటుంటే వీరావేశంగా ఉంటుంది కానీ, ఆ విసురు మాత్రం బియ్యం బాగుచేసే ఆవిడ చేతిది.

పనిలో పని, చెరగడం వేరు, నేమడం వేరు. ఊక పోవడానికి చెరుగుతారు, రాళ్లూ మట్టిగడ్డలూ పోవడానికి నేముతారు. నేమడం అనే మాట తెలిసినవాళ్లు ఇప్పుడు బాగా తగ్గిపోయారు, ఎందుకంటే అది ఏ హెడ్డింగులోకీ ఎక్కలేదు.

ఊకదంపుడుకి పెద్ద వివరణ అక్కర్లేదు. బియ్యం వచ్చేశాక మిగిలిన ఊకని మళ్లీ రోట్లో పోసి దంచితే చేతులు పడిపోవడం తప్ప ఏమీ రాదు. రోకలి కింద ఇనుప పొన్ను, రోటి మీద గింజలు చెదిరిపోకుండా కుందెన. ఇద్దరు ఎదురెదురుగా నిలబడి ఒకే రోట్లో ఒకరి తర్వాత ఒకరు పోటు వేస్తారు. లయ తప్పితే రోకళ్లు ఒకదానికొకటి తగులుతాయి, అందుకని పాట. ఆ సువ్వి పాటల వరసలో అన్నమయ్య (1408–1503) కూడా సంకీర్తనలు కట్టాడు. ఊకదంపుడు అన్న మాట వేదిక మీద కూర్చున్నవాడికి తట్టేది కాదని నా గట్టి నమ్మకం. రోజూ రోకలి ఎత్తి దించేవాళ్లు, పని మానేసి కబుర్లు చెప్పేవాణ్ణి చూసి అని ఉంటారు.

ఇక తూర్పారబట్టడం. తూర్పు గాలికి పట్టడం అని చాలామంది చెబుతారు. దిక్కుతో దీనికి పనిలేదు. కన్నడలో తూరు అంటే ధాన్యాన్ని గాలికి పోసి తాలు ఎగరగొట్టడం. మన తూర్పెత్తడం, తూర్పారబట్టడం ఆ కుటుంబంలోవే. తమిళంలో తూట్రు అన్న క్రియకి ధాన్యం ఎగరబోయడం, నిందించడం రెండు అర్థాలూ ఉన్నాయి. అంటే కల్లంలోంచి తిట్లలోకి నడిచిన దారి మనదొక్కటే కాదు.

*

కామెంట్: తూర్పారబట్టేది మగవాళ్లు కదండీ? ఎత్తుపీట మీద నిలబడి గంపతో పోసేది వాళ్లేగా. దాన్నీ ఆడవాళ్ల ఖాతాలో వేశారేమిటి?

జవాబు: ఆ ఒక్కటీ ఉమ్మడి ఖాతా అనుకోండి. చాలాచోట్ల పీట మీద మగవాళ్లే. కానీ కింద నుంచి గంపలు నింపి అందించేది ఎవరు? రాశి మీద పడిన తాలుని చీపురుతో పక్కకి ఊడ్చేది ఎవరు? గాలి పడిపోతే చేటలతో విసిరేది ఎవరు?

కామెంట్: పోస్టు బాగుంది గానీ చెరగడం, దంచడం వంటింటి పనులు కదా సార్. వ్యవసాయం ఎలా అవుతుంది?

జవాబు: అసలు తగువంతా అక్కడే. వడ్లు ఇంటికి చేరగానే సేద్యం అయిపోయిందని ఒక లెక్క రాసుకున్నాం. అదే వడ్లు మిల్లుకి వెళ్తే అది పరిశ్రమ, కరెంటు మీటరు, లైసెన్సు అన్నీ ఉంటాయి. రోటి దగ్గర జరిగితే మాత్రం ఇంటిపని. మరి ఊళ్లో నలుగురి వడ్లు దంచి, కూలి కింద నూకలో తవుడో తెచ్చుకున్న ఆడవాళ్ల సంగతేమిటి? మిల్లు వచ్చినప్పుడు రోకలి బరువు తగ్గిన మాట నిజమే, దాంతో పాటు ఆ కూలీ పోయింది. గాంధీ 1934లో అఖిల భారత గ్రామ పరిశ్రమల సంఘం పెట్టినప్పుడు దంపుడు బియ్యాన్ని అంత పట్టుగా పట్టుకోవడానికి ఒక కారణం ఇదే. 1958లో కేంద్రం బియ్యం మిల్లుల నియంత్రణ చట్టం కూడా తెచ్చింది, మిల్లు ఆగలేదనుకోండి.

లెక్కల్లోనూ ఇదే వరస. 2011 జనగణన ప్రకారం దేశంలో పనిచేసే ఆడవాళ్లలో దాదాపు 65 శాతం సొంత సేద్యంలోనో వ్యవసాయ కూలీలోనో ఉన్నారు. 2015–16 వ్యవసాయ గణనకి వచ్చేసరికి ఆడవాళ్లు సాగుదారులుగా నమోదైన కమతాలు 14 శాతం లోపే. రైతు అనగానే మన బుర్రలో తలపాగా ఎందుకు కనిపిస్తుందో చూడండి. ఆడవాళ్లయితే ముందు "మహిళా" తగిలించాలి.

కామెంట్: "పార్టీలో ముసలం" అని రాస్తారు కదా మాస్టారూ, అది ముసలితనమా?

జవాబు: కాదు, ముసలం అంటే సంస్కృతంలో రోకలి. భారతంలో మౌసలపర్వం చూడండి, సాంబుడి కడుపున పుట్టిన రోకలి యాదవకులాన్ని మింగేసింది. ఆ కథలో రోకలితో ఎవరూ వడ్లు దంచలేదు కాబట్టి నా జాబితాలో చేర్చలేదు.

కామెంట్: "పొల్లుపోకుండా చెప్పడం" మర్చిపోయారు!

జవాబు: దాన్ని చేర్చాల్సిందే. పొల్లు అంటే లోపల గింజ లేని వడ్లు. చెరిగితే ముందు ఎగిరిపోయేది అదే. దాన్ని కూడా పోనివ్వకుండా చెప్పాడంటే ఇంక వదిలిందేమీ లేదన్నమాట. అచ్చు లేని హల్లుకీ పొల్లు అనే పేరు, నకారపొల్లు గుర్తుందిగా. లోపల ప్రాణం లేని అక్షరానికి వ్యాకరణంవాళ్లు చేటలోంచే పేరు తెచ్చుకున్నారు.

కామెంట్: "నిబంధనలకు పాతర" కూడా ఈ కోవలోదేనా?

జవాబు: పాతర ధాన్యం దాచే గొయ్యి. పాడవకుండా కాపాడ్డానికి తవ్వేది కాస్తా వార్తల్లోకి వచ్చేసరికి పూడ్చిపెట్టడం అయిపోయింది, ఇది మాత్రం అన్యాయం. గాదె, గుమ్మి, పాతర అన్నిటికీ కలిపి మీరే ఒక పోస్టు పెట్టండి. ఇక్కడే మొదలెడితే కలగాపులగం అవుతుంది.