అంతర్యుద్ధం మీద గేమ్ చేస్తున్నాం, ఏ యుద్ధం తీసుకోవాలి?

కోడ్_కాకినాడ:
అందరికీ నమస్తే. మేం ముగ్గురం ఉద్యోగాలు చేసుకుంటూ రాత్రిళ్ళు కూర్చుని ఒక యుద్ధం గేమ్ చేస్తున్నాం. పది పదిహేను మంది సైనికుల్ని నడిపే ఆట, తుపాకుల పని చాలావరకు అయిపోయింది. ఒకే దేశం రెండుగా చీలి కొట్టుకున్న కథే కావాలని పట్టుబట్టాం. అమెరికా, ఇంగ్లండ్, స్పెయిన్ దగ్గర ఆగిపోయాం. ఇలాంటివి చేసినవాళ్ళు, ఆడినవాళ్ళు, ఆ చోట్లు తిరిగినవాళ్ళు చెప్పండి.

వర్జీనియా_తెలుగు:
తమ్ముడూ, అమెరికా అంతర్యుద్ధంలో పెద్ద పోరు జరిగిన గెట్టిస్‌బర్గ్ మా ఇంటి నుంచి రెండు గంటల దారి. ఊరి నుంచి చుట్టాలొస్తే తీసుకెళ్తుంటాను. 1863 జులై 3న దాదాపు 12,500 మంది దక్షిణాది సైనికులు నడిచిన మైదానాన్ని మా అబ్బాయి, నేను ఈ చివర చెట్ల నుంచి ఆ చివర రాతిగోడ దాకా నడిచాం. మైలుకి కాస్త తక్కువ. ఫోటోల్లో బల్లపరుపుగా కనిపిస్తుంది. నడిస్తే తెలుస్తుంది, నేల అలలా లేచి దిగుతుంది. వాడు నాకు కాస్త ముందు నడుస్తున్నవాడు చూస్తుండగానే నడుం దాకా మునిగిపోయాడు, ఇంకో నాలుగడుగులకి టోపీ ఒక్కటే మిగిలింది. ఆ రోజు ఫిరంగుల నుంచి కాస్త ఊపిరి తీసుకోడానికి వాళ్ళకి దొరికింది ఆ పల్లాలే. తర్వాత రోడ్డు, దాని పక్కన కర్రల కంచె. అది ఎక్కి దాటుతూ ఎంతోమంది కూలిపోయారు. మొత్తం మీద సగం మంది చనిపోవడమో, గాయపడటమో, పట్టుబడటమో జరిగింది. మ్యాప్‌లో ఆ పల్లాలు, ఆ కంచె లేకపోతే పేరు మాత్రమే గెట్టిస్‌బర్గ్ అవుతుంది.

ఇంకో మాట, ఇది గట్టిగా చెప్తున్నా. బానిసత్వం ఊసెత్తకుండా ఆ యుద్ధాన్ని ముట్టుకోవద్దు. యుద్ధం వచ్చిందే దానివల్ల. ఉత్తరాది సైన్యంలో సుమారు 1,80,000 మంది నల్లజాతి సైనికులున్నారు. వాళ్ళు కనబడని గేమ్ నేనైతే కొనను.

మ్యాప్_మేస్త్రీ:
అన్న చెప్పిన యుద్ధం మీదే మోడ్ (ఉన్న గేమ్‌నే మార్చి చేసేది) మొదలుపెట్టి సగంలో ఆపేశాను. అప్పటి తుపాకీ నిమిషానికి మూడుసార్లు పేలితే గొప్ప. అందుకే వందలమంది వరుసకట్టి ఒకేసారి కాల్చేవాళ్ళు. పది మందితో ఆ రూపం రాదు.

ఇంగ్లండ్ యుద్ధంలో మాత్రం ఒకటి నాకు భలే నచ్చింది. 1642లో ఎడ్జ్‌హిల్ దగ్గర రాజు తరఫు ప్రిన్స్ రూపర్ట్ గుర్రపుదండు ఎదుటివాళ్ళని చెదరగొట్టి, తరుముకుంటూ దూరం పోయి సామాను బండ్ల మీద పడింది. ఇక్కడ కాల్బలం ఒంటరిగా మిగిలింది. 1645లో నేస్బీలోనూ అంతే. ఎదుటి పక్షం, అంటే పార్లమెంటు తరఫు క్రామ్‌వెల్ గుర్రాలైతే కొట్టాక ఆగి, మళ్ళీ వరుసకట్టేవి. నేను చేసిన లెవెల్లో రూపర్ట్ దండుకి 'వెనక్కి రండి' బటన్ పనిచేయకుండా పెట్టాను. ఆడినవాళ్ళు బగ్ అని తిట్టారు. సంగతి చెప్పాక అదే లెవెల్ మళ్ళీ మళ్ళీ ఆడారు. మీ సైజు ఆటకి ఇదీ పెద్దదే అనుకోండి.

పల్నాటి_ఆడపడుచు:
మన పల్నాడుని ఎందుకు వదిలేశారు? మాది కారంపూడి దగ్గరే. ఏటా కార్తీకంలో ఐదు రోజులు వీరుల ఉత్సవం జరుగుతుంది: రాచగావు, రాయబారం, మందపోరు, కోడిపోరు, కల్లిపాడు. ఐదు రోజులూ ఐదు లెవెల్స్ అనుకోండి. నలగామరాజు, మలిదేవరాజు ఒక తండ్రి బిడ్డలు. మలిదేవుడి తరఫున రాయబారానికి వెళ్ళి విషానికి బలైన అలరాజు సొంత అల్లుడే నలగాముడికి. ఇంతకంటే చీలిక ఎక్కడుంది? ఒక్కటే షరతు. మా దగ్గర ఆ వీరులకి పూజలు జరుగుతాయి. వాళ్ళని పాయింట్ల కోసం చంపే ఆట చేయొద్దు.

కోడ్_కాకినాడ:
అక్కా, మనసు అటే లాగుతోంది. కానీ మేం చేసిందంతా తుపాకుల పని. కత్తి, ఈటె పోరు అంటే మళ్ళీ మొదటినుంచి రాసుకోవాలి.

మాడ్రిడ్‌లో_రెండేళ్ళు:
అయితే నా మాట వినండి. నేను రోజూ క్లాసుకి వెళ్ళిన మాడ్రిడ్ యూనివర్సిటీ సిటీయే స్పెయిన్ అంతర్యుద్ధంలో 1936 నవంబరు నుంచి 1939 మార్చి దాకా యుద్ధరేఖ. ఫిలాసఫీ భవనంలో రిపబ్లిక్ ప్రభుత్వం తరఫున పోరాడటానికి వేరే దేశాల నుంచి వచ్చిన అంతర్జాతీయ దళాల వాళ్ళు లైబ్రరీ పుస్తకాలు పేర్చి తూటాలకి అడ్డం పెట్టుకున్నారు. క్లినికో ఆసుపత్రిలో ఒక అంతస్తు రిపబ్లిక్ వాళ్ళది, ఇంకోటి ఆ ప్రభుత్వం మీద తిరగబడ్డ జనరల్ ఫ్రాంకో సైనికులది. మెట్ల కోసం, గది కోసం పోరు. మీ పది మందికి అచ్చంగా సరిపోతుంది. మ్యాప్ కూడా ఒక్కటే, రెండేళ్ళకు పైగా దాన్నే కూల్చుకుంటూ పోవచ్చు.

తూటాల లెక్క తప్పకుండా పెట్టండి. రిపబ్లిక్ తుపాకులు నానా దేశాలవి. స్పానిష్ మౌజర్‌కి 7 మి.మీ. తూటా, రష్యా మోసిన్‌కి 7.62. పక్కవాడి సంచి నిండా ఉన్నా మన తుపాకీలో పట్టదు.

చివరి లెవెల్ 1939 మార్చి. రిపబ్లిక్ సైన్యంలోనే ఉన్న కల్నల్ కసాడో తిరుగుబాటుతో మాడ్రిడ్‌లో రిపబ్లిక్ వాళ్ళే ఒకరినొకరు కాల్చుకున్నారు. మొదటి లెవెల్ నుంచి ఆటగాడి భుజం పక్కన నిలబడ్డవాడు అప్పుడు ఎదురుగా తుపాకీ పట్టుకుని రావాలి. మీరడుగుతున్న చీలిక అక్కడ తగులుతుంది.

కోడ్_కాకినాడ:
ఇప్పుడే ముగ్గురం మాట్లాడుకున్నాం. స్పెయిన్ ఖాయం. రేపు ఆసుపత్రి మెట్లతో మొదలుపెడతాం, ఆ పక్క సైనికుడికి మొదటి లెవెల్లోనే పేరు, ఊరు పెడతాం. వర్జీనియా అన్నా, యూనివర్సిటీ ఆవరణలో నేల ఎత్తుపల్లాలు నేనే కూర్చుని గీస్తాను. అక్కా, పల్నాడు ఆట తర్వాత చేసేదైనా సరే, ఈ కార్తీకానికి కారంపూడి వచ్చి చూడాలనుంది.

పల్నాటి_ఆడపడుచు:
మందపోరు నాటికి వచ్చేయండి. చాపకూడు ఆ రోజే, కులంతో పనిలేకుండా అందరూ కలిసి కూర్చుని తింటారు. మీ ముగ్గురికీ చోటుంటుంది.