ఆర్థర్ అంటే ఎలుగుబంటేనా? కాటన్ దొర పేరు మీద ఒక చర్చ

ధవళేశ్వరం లాకులు:
మే 15న కాటన్ దొర జయంతికి మా ఊరి సంచికలో ఒక పేజీ నేను రాస్తున్నాను. ఆయన పూర్తి పేరు ఆర్థర్ థామస్ కాటన్, 1803లో పుట్టారు, ఆనకట్ట పని 1847లో మొదలై 1852కి పూర్తయింది. ఇదంతా మా వైపు బడిపిల్లలకీ తెలుసు. కొత్తగా ఏదైనా చెబుదామని ఆయన పేరుకి అర్థం వెతికాను. పిల్లల పేర్ల సైట్లన్నీ ఒకటే పాట: 'ఆర్థర్ అంటే ఎలుగుబంటి, బలశాలి, ధీరుడు'. మా సంపాదకుడు మాత్రం అది పాత రోమన్ ఇంటిపేరు, ఎలుగుబంటితో సంబంధం లేదంటున్నారు. ఏది అచ్చు వేయాలి? తప్పు ఒకసారి అచ్చయిందంటే పదిమంది దాన్నే ఎత్తి రాస్తారు, నా టెన్షన్ అదే.

జాంబవంతం:
నిస్సందేహంగా ఎలుగుబంటే. వేల్స్ వాళ్ళ వెల్ష్ భాషలో ఎలుగుని 'ఆర్థ్' అంటారు. గ్రీకు 'ఆర్క్టోస్', సంస్కృతం 'ఋక్షం' కూడా అదే మూలం నుంచి వచ్చినవి. జాంబవంతుణ్ణి ఋక్షరాజు అనడం మనకి తెలిసిందేగా. 'ఆర్థ్'కి మనిషి అనే అర్థమున్న 'గూర్' చేరిస్తే ఆర్థర్. యోధుడికి ఇంతకంటే తగిన పేరుందా? పైగా ఇది సైట్ల వాళ్ళు పుట్టించింది కాదు. 9వ శతాబ్దపు 'హిస్టోరియా బ్రిటోనమ్' అనే చరిత్ర బ్రిటన్ కథల్లోని ఆర్థర్ రాజుని పన్నెండు యుద్ధాలు గెలిచిన సేనాపతిగా చెబుతుంది. దాని మధ్యయుగపు ప్రతి ఒకదానిలో ఎవరో వ్యాఖ్య రాశారు: ఆర్థర్‌ని లాటిన్‌లో చెబితే 'భయంకరమైన ఎలుగుబంటి' లేదా 'ఇనుప సుత్తి' అని.

కార్డిఫ్ తెలుగోడు:
జాంబవంతం గారూ, 'ఆర్థ్' అంటే ఎలుగే, అందులో పేచీ లేదు. ఇక్కడి పిల్లల బొమ్మల పుస్తకాల్లో ఎలుగుబంటి కింద ఆ మాటే ఉంటుంది. చిక్కంతా పేరు చివర్లో ఉంది. 'గూర్' కలిసి ఉంటే వెల్ష్ రాతలో చివర 'డబ్ల్యూ, ఆర్' రావాలి. ఆర్థర్‌లో ఉన్నది 'యు, ఆర్'. వెల్ష్‌లో ఆ రెండూ వేర్వేరు అచ్చులు, ఒకదానితో ఒకటి అంత్యప్రాస కలవదు. పాత వెల్ష్ పద్యాల్లో ఆర్థర్‌కి ప్రాస కట్టిన మాటలన్నీ 'యు, ఆర్'తో ముగిసేవే.

ఒక్కటి చూడండి. 'వై గొడోథిన్' అని పాత వీరగాథ ఉంది, 13వ శతాబ్దపు ప్రతిలో మనదాకా వచ్చింది. అందులో ఒక వీరుణ్ణి పొగుడుతూ, కోట గోడ మీద నల్ల కాకులకి మేత పెట్టాడు, అయినా అతను ఆర్థర్ కాడు, అంటాడు కవి. కాకులకి మేత అంటే చంపిన శత్రువుల శవాలు. అక్కడ ఆర్థర్‌కి ప్రాసగా నిలబెట్టింది 'మూర్', అంటే గోడ. అది లాటిన్ 'మూరుస్' నుంచి వచ్చిన మాట. మన పద్యంలో రెండో అక్షరం ప్రాస తప్పితే వెంటనే చెవికి తెలిసిపోతుంది, వాళ్ళకీ అంతే. పేరులో 'గూర్' ఉందనిపించి ఉంటే ఒక్క కవైనా అటువైపు ప్రాస కట్టేవాడు.

పాతరాతి చదువరి:
పైన చెప్పిన ప్రాస సాక్ష్యం చాలా బలమైనది. నేను 'ఆర్టోరియుస్' వైపు. ఇది ఊహించి కట్టిన రూపం కాదు, నిజంగా రోమన్లు పెట్టుకున్న వంశనామం. రోమన్ చక్రవర్తి అగస్టస్ వైద్యుడి పేరు మార్కుస్ ఆర్టోరియుస్. బ్రిటన్ క్రీ.శ. 43 నుంచి సుమారు 410 వరకు రోమన్ల చేతిలో ఉంది. అక్కడి జనం లాటిన్ పేర్లు బోలెడు పెట్టుకున్నారు. ఆర్టోరియుస్ వెల్ష్ నోట్లో పడితే మామూలు ధ్వని సూత్రాల ప్రకారమే ఆర్థర్ అవుతుంది.

క్రొయేషియాలో స్ప్లిట్ దగ్గర పోడ్‌స్ట్రానాలో ఒక సమాధి శాసనం దొరికింది. లూకియుస్ ఆర్టోరియుస్ కాస్టుస్ అనే అధికారిది. బ్రిటన్‌లో యార్క్ కేంద్రంగా ఉన్న ఆరో లీజియన్‌లో, అంటే రోమన్ సైనిక దళంలో, పనిచేశానని అందులో చెప్పుకున్నాడు. ఆ తర్వాత సైన్యాన్ని నడిపింది ఎవరి మీదకో చెప్పే చోట రాయి పగిలిపోయింది. 'ఆర్మ్' అన్న మొదటి అక్షరాలే మిగిలాయి. ఆర్మోరికా (ఇప్పటి ఫ్రాన్స్ వాయవ్య ప్రాంతం) వాళ్ళ మీదకని కొందరు, ఆర్మేనియా వాళ్ళ మీదకని కొందరు ఇప్పటికీ వాదించుకుంటున్నారు. ఇతనే ఆర్థర్ రాజు అని మాత్రం నేను అనను. కథల్లో ఆర్థర్‌ది 5, 6 శతాబ్దాల కాలం, ఇతను అంతకు రెండు మూడు వందల ఏళ్ళ ముందువాడు. ఆ వంశనామం బ్రిటన్ గడ్డ మీద అడుగుపెట్టిందనడానికి ఈ రాయి సాక్ష్యం, అంతవరకే.

స్వాతి చుక్క:
మూడో దారి ఎవరూ చెప్పలేదు. మన స్వాతి నక్షత్రాన్ని ఇంగ్లీషులో ఆర్క్టురస్ అంటారు. గ్రీకులో 'ఎలుగుబంటి కాపరి' అని అర్థం. సప్తర్షి మండలాన్ని గ్రీకులు పెద్ద ఎలుగుగా చూశారు, దాని వెనకే నడిచే చుక్క ఇది. వేసవి రాత్రి మేడ మీద పడుకుని సప్తర్షుల తోక వంపు వెంబడి చూపు జరిపితే నేరుగా దాని మీదకే వెళ్తుంది. ఆర్క్టురస్ కూడా వెల్ష్‌లోకి వస్తే ఆర్థర్ అవుతుంది. పాత లాటిన్ కథల్లో రాజు పేరు 'ఆర్టురుస్' అని కనిపిస్తుంది గానీ, 'ఆర్టోరియుస్' అని లేదు.

పాతరాతి చదువరి:
కథల వరకు మీ మాట నిజమే. కానీ స్కాట్లండ్ పడమటి తీరాన్ని ఏలిన ఏడాన్ రాజుకి 6వ శతాబ్దం చివర్లో ఇదే పేరుతో కొడుకున్నాడు. సెయింట్ కొలంబా జీవితం రాసిన అడోమ్నాన్ అతన్ని 'ఆర్టురియుస్' అన్నాడు. ఆ 'ఇయుస్' ఆర్టోరియుస్‌కే దగ్గర. చుక్క పేరు కుదురుతుంది గానీ, ఆ కాలంలో పిల్లలకి చుక్క పేరు పెట్టారని చూపించే సాక్ష్యం కావాలి. వంశనామానికి శాసనాలున్నాయి.

జాంబవంతం:
'గూర్' సంగతి వదిలేస్తాను, ప్రాస ముందు అది నిలబడదు. ఎలుగుని మాత్రం వదలను. ఆర్టోరియుస్ అన్నదే 'ఎలుగురాజు కొడుకు' అనే కెల్టిక్ (వెల్ష్ చెందిన భాషా కుటుంబం) పేరుకి లాటిన్ రూపమని వాదించే భాషావేత్తలు ఉన్నారు. అదలా ఉంచినా, వెల్ష్ తల్లి బిడ్డని ఆర్థర్ అని పిలిస్తే ఆమె చెవికి మొదట వినబడేది 'ఆర్థ్' కాదా? పేరుని వాడుకునే జనం అందులో విన్నదానికి విలువ లేదా?

పాతరాతి చదువరి:
విలువ ఉంది. కానీ అది పుట్టుక కాదు, తర్వాత అతుక్కున్న అర్థం. మీరు చెప్పిన వ్యాఖ్య కూడా దానికే సాక్ష్యం. ఎలుగుబంటి 'లేదా' సుత్తి అని రాశాడంటే రాసినవాడికే కచ్చితంగా తెలియదు. కెల్టిక్ మూలరూపం ఏ శాసనంలోనూ కనబడలేదు, వెనక్కి లెక్కగట్టి తయారుచేసింది.

కార్డిఫ్ తెలుగోడు:
లాకులు గారూ, మీ పేజీకి ఇంకో ముక్క. ఆర్థర్‌ని అచ్చమైన ఇంగ్లీషు పేరనుకుంటాం. కథల్లో ఆయన పోరాడింది ఇంగ్లీషు వాళ్ళ పూర్వీకులైన సాక్సన్ల మీదే. ఓడినవాళ్ళ వీరుడి పేరుని గెలిచినవాళ్ళు తమది చేసుకున్నారు. వేల్స్ మూలాలున్న ట్యూడర్ రాజు ఏడవ హెన్రీ 1486లో పుట్టిన పెద్ద కొడుక్కి పట్టుబట్టి ఈ పేరే పెట్టాడు. ఆ పిల్లవాడు 1502లో పదిహేనేళ్ళకే పోయాడు, తమ్ముడు ఎనిమిదో హెన్రీ అయ్యాడు. 19వ శతాబ్దంలో పేరు మళ్ళీ ఊపందుకోవడానికి వాటర్లూలో నెపోలియన్‌ని ఓడించిన వెల్లింగ్టన్ డ్యూక్ ఆర్థర్ వెల్లెస్లీ ఒక కారణం. విక్టోరియా రాణి 1850లో ఆయన పుట్టినరోజునే పుట్టిన కొడుక్కి ఆర్థర్ అని పెట్టింది. అయితే కాటన్ దొరకి వెల్లింగ్టన్‌ని చూసి పేరు పెట్టారని రాయకండి. ఆయన పుట్టిన నాలుగు నెలలకి గానీ వెల్లెస్లీ అస్సాయే యుద్ధం గెలవలేదు, వాటర్లూకి ఇంకా పన్నెండేళ్ళుంది.

ధవళేశ్వరం లాకులు:
అందరికీ దండాలు. ఇలా రాశాను, చూడండి: 'ఆర్థర్ అనే పేరు ఆర్టోరియుస్ అనే రోమన్ వంశనామం నుంచి వచ్చింది. ఎలుగుబంటి అని అర్థం చెప్పడం మధ్యయుగం నుంచీ ఉంది గానీ, దానికి గట్టి ఆధారం లేదు.'

పాతరాతి చదువరి:
మొదటి వాక్యంలో 'వచ్చింది' తీసేసి 'వచ్చిందని చెప్పే వాదం బలంగా ఉంది' అని పెట్టండి. రెండోది అలాగే ఉంచండి.

జాంబవంతం:
రెండోదానికి నేను ఒప్పుకోను. 'గట్టి ఆధారం లేదు' బదులు 'ఇంకా తేలలేదు' అని రాయండి.