శ్రీకాళహస్తి కలంకారీ గోడకు: అద్దంలో బిగించాలా, గుడ్డగానే వేలాడదీయాలా?

తూరుపుగాలి:
విశాఖలో సముద్రానికి దగ్గరి ఫ్లాట్. హాల్లో ఒక గోడ 11 అడుగులు. ఆ గోడకు సన్‌మైకా ప్యానెల్, షోకేసు ఏదీ వద్దు. 4×6 అడుగుల శ్రీకాళహస్తి పని ఒక్కటే ఉండాలి: నడుమ పట్టాభిషేకం, చుట్టూ గడుల్లో కథ, కింద తెలుగు రాత. ఎదురుగా పడమటి బాల్కనీ, పక్కన తలుపు లేని వంటగది. అద్దం లేకపోతే పాడవుతుందని కొందరు, అద్దం వేస్తేనే పాడవుతుందని కొందరు అంటున్నారు. కారణాలతో చెప్పండి.

పడుగుపేక:
వేలాడదీయండి. ఈ పని పుట్టిందే వేలాడేందుకు. గుళ్లో దేవుడి వెనక తెరగా, రథానికి అలంకారంగా కట్టిన గుడ్డ ఇది. గాలికి కొంచెం కదలాలి, దగ్గరికెళ్తే నేత కనపడాలి. అద్దం వెనక పెడితే పోస్టరుకీ దీనికీ తేడా తెలియదు. పైగా పడమటి బాల్కనీ ఎదురుగా ఉంటే సాయంత్రం మీకు కనపడేది రాముడు కాదు, బాల్కనీ గ్రిల్లు.

బరువు చూడండి. 4×6 అంటే దాదాపు 2.2 చదరపు మీటర్లు. 4 మి.మీ. అద్దం ఒక్కటే 22 కిలోలు. చట్రం, వెనక బోర్డు కలిస్తే 30 దాకా వస్తుంది.

కట్టే పద్ధతి ఇది. రెండంగుళాల వెడల్పు వెల్క్రో తీసుకుని మెత్తటి వైపును ముందు ఒక నూలు నాడా మీద మిషన్‌తో కుట్టించండి. కలంకారీ మీద మాత్రం మిషన్ సూది పడకూడదు. ఆ నాడాను గుడ్డ వెనక, పై అంచుకు పావు అంగుళం కిందగా, నూలు దారంతో చేత్తో కుట్టాలి. ముళ్ల వైపును ముప్పావు అంగుళం మందం టేకు రీపరుకు (సన్నటి చెక్క పట్టీకి) తుప్పు పట్టని పిన్నులతో కొట్టాలి. రీపరుకు ముందే వార్నిష్ వేసి, వాసన పూర్తిగా పోయేదాకా మూడు నాలుగు వారాలు ఆరనివ్వాలి. గోడకు అడుగున్నరకొక స్క్రూ. ఇలా చేస్తే బరువు అంచు పొడుగునా సమంగా పంచుకుంటుంది, గోడకూ గుడ్డకూ మధ్య గాలి ఆడుతుంది.

కర్టెన్ రింగులు, క్లిప్పులు అస్సలు వద్దు. బరువంతా ఆరేడు చోట్లే పడి, పై అంచు అలలు అలలుగా సాగి అక్కడే చిరుగుతుంది. గుడ్డనే మడిచి కడ్డీ దూర్చడం కూడా తప్పే, ముందు విరిగేది ఆ మడతే.

ఫ్రేంపని:
పద్ధతి బాగుంది, కానీ ఈ ఇంటికి కాదు. తలుపు లేని వంటగది అన్నారు. తాలింపు పొగలోని నూనె గుడ్డ మీద పలచగా కూర్చుంటుంది, దాని మీద దుమ్ము అంటుకుంటుంది. ఆరేడేళ్లకు తెలుపంతా బూడిద రంగుకు తిరుగుతుంది. ఆ జిడ్డును సబ్బుతో వదిలిద్దామంటే రంగులు చెడతాయి. దానికి తోడు బల్లులు, సముద్రపు ఉప్పుగాలి. గుడ్డ తయారీలోనే పేడనీళ్లు, కరక్కాయ, గేదె పాలు, పటిక, మళ్లీ మళ్లీ ఉతుకులు, ఇన్ని దశలున్నాయి. వారాల తరబడి ఒకరు వంగి కూర్చుని గీసిన దాన్ని వంటింటి పొగకు వదిలెయ్యడం ఆ చేతికి గౌరవం కాదు.

అద్దం వల్ల చెడిపోయినవన్నీ నిజానికి ఫ్రేం కట్టడం రాక చెడినవే. నాలుగు తప్పులు చూస్తుంటాం. ఫెవికాల్‌తో బోర్డుకు అంటించడం: అది గట్టిపడుతుంది, తర్వాత గుడ్డ ఊడి రాదు. వెనక నేరుగా ఎండీఎఫ్ (చెక్కపొట్టును జిగురుతో నొక్కి చేసిన బోర్డు) పెట్టడం: దాన్నుంచి వచ్చే ఆమ్లపు ఆవిరికి నూలు పసుపెక్కుతుంది. అద్దం గుడ్డను తాకడం: ఆ చోట చెమ్మ నిలిచి బూజు పడుతుంది. ముసురు పట్టిన రోజున ఫ్రేం మూసెయ్యడం: లోపలి తేమ లోపలే ఉండిపోతుంది.

సరిగ్గా చేయాలంటే ఆమ్లం లేని బోర్డు మీద ఉతికిన తెల్ల నూలుగుడ్డ తొడగాలి. కలంకారీని దాని మీద పరిచి, చుట్టూ పెద్ద పెద్ద కుట్లతో చేత్తో కుట్టాలి, డోలు తోలులా బిగలాగకూడదు. అద్దానికీ గుడ్డకూ మధ్య చట్రం లోపల 6 మి.మీ. పట్టీ తిప్పాలి. పొడి రోజున మూయాలి. గోడ వైపు నాలుగు మూలలా సెంటీమీటరు మందం రబ్బరు బిళ్లలు పెట్టాలి. బయటి గోడ అయితే మానుకోండి, వానాకాలంలో దానికి చెమ్మ తప్పదు.

బరువు సంగతికి అద్దం బదులు యాక్రిలిక్ (అద్దంలా కనపడే ప్లాస్టిక్ షీటు) ఉంది. ఈ కొలతకు 3 మి.మీ. షీటు పొట్ట ఉబ్బినట్టు వంగుతుంది, 4 మి.మీ. కావాలి. దాదాపు 11 కిలోలు, అంటే అద్దంలో సగం. గీతలు తొందరగా పడతాయి కాబట్టి పొడిగుడ్డతో రుద్దకూడదు.

నీలిమందు:
మీరిద్దరూ దుమ్ము, తేమ అంటున్నారు. ఈ గోడకు అసలు శత్రువు ఎదురుగా ఉన్న పడమటి ఎండ. చెట్టు రంగుల్లో, అంటే మొక్కల నుంచి తీసే రంగుల్లో, పసుపు ముందు పోతుంది. ఆకుపచ్చ అంటే నీలి మీద పసుపే కదా, ఆ పసుపు ఎగిరిపోయాక చెట్లన్నీ నీలంగా మిగులుతాయి. మంజిష్ఠ ఎరుపు, నీలిమందు కొంత ఓర్చుకుంటాయి. పోయిన రంగు మళ్లీ రాదు, మళ్లీ పూస్తే అది ఇంకొకరి పని అవుతుంది.

మ్యూజియాల్లో గుడ్డల మీద పడే వెలుతురు 50 లక్స్ (వెలుతురును కొలిచే లెక్క) దాటనివ్వరు. బాల్కనీ ఎదుటి గోడ మీద నేరుగా ఎండ పడకపోయినా పగలు 500 ఉండటం మామూలే. ఫోన్‌లో లక్స్ కొలిచే యాప్ వేసుకుని గోడ దగ్గర మధ్యాహ్నం 12కు, సాయంత్రం 4కు చూడండి. అంకె అటూ ఇటూ అయినా అంచనాకు సరిపోతుంది. 500 చొప్పున రోజుకు ఆరు గంటలంటే 3000. 50 చొప్పున పది గంటలంటే 500. ఆరు రెట్ల తేడా.

అద్దం వేస్తే ఇది తీరదు. మామూలు అద్దం అతినీలలోహిత కిరణాల్లో చాలా భాగాన్ని లోపలికి వదిలేస్తుంది. వాటిని ఆపే యాక్రిలిక్ వేరే దొరుకుతుంది, మామూలు యాక్రిలిక్ ఆ పని పూర్తిగా చేయదు. ఆ కిరణాలను ఆపినా కంటికి కనపడే వెలుతురు కూడా రంగును తింటుంది.

ఇంకో సంగతి. నల్లగీత కసిమితో వేస్తారు. బెల్లం, తుప్పు ఇనుము నీళ్లలో పులియబెట్టిన ద్రవం గుడ్డలోని కరక్కాయను తాకి నల్లబడుతుంది. ఆ ఇనుమే ఏళ్లు గడిచేకొద్దీ నూలును పెళుసు చేస్తుంది, చెమ్మ తగిలితే ఇంకా తొందరగా. పాత గుడ్డలు నల్లగీత వెంబడే చీలడానికి కారణం అదే. కాబట్టి పడుగుపేక గారి వెల్క్రో అయినా, ఫ్రేంపని గారి కుట్టు అయినా, సూది నల్లగీతలో దిగకూడదు.

నా మాట: గోడ మార్చండి. బాల్కనీ ఉన్న గోడకే, బాల్కనీ పక్కన, లోపలికి చూసేలా కట్టండి. వెలుతురు దాని మీద నేరుగా పడదు.

ఫ్రేంపని:
వెలుతురు విషయంలో ఒప్పుకుంటున్నా. మామూలు అద్దం వేసి కాపాడామనుకోవడం పొరపాటే. కానీ బాల్కనీ గోడ అంటే బయటి గోడ. వానాకాలంలో చెమ్మ తాకేది దానికే. ఒక గండం తప్పించబోయి ఇంకోదానికి అప్పగించినట్టు అవుతుంది.

నీలిమందు:
నిజమే, అది గమనించలేదు. గది లోపలి అడ్డగోడ, కిటికీకి లంబంగా ఉన్నదైతే రెండూ తప్పుతాయి.

తూరుపుగాలి:
అలాంటి గోడ ఉంది, కానీ 5 అడుగులే. 4×6 నిలువుగా కాక అడ్డంగా గీసిన పని అయితే పట్టదు. ఇంకా ఆర్డరు ఇవ్వలేదు. చేత్తో గీసినదేనని ఎలా తెలుస్తుంది?

కుంకుడుచెట్టు:
ఆర్డరు ఇవ్వకపోవడం మంచిదైంది. గోడ కొలిచి 3×4 నిలువుగా గీయించండి. పైనా కిందా నాలుగేసి అంగుళాలు ఖాళీ గుడ్డ వదలమనండి. నాడా కుట్టినా, బోర్డుకు తిప్పినా ఆ ఖాళీలోనే. ఈ ఒక్క మాట ముందు చెప్పకపోవడం వల్లే జనం బొమ్మ అంచును మడిచి పాడుచేస్తారు.

గుర్తుపట్టడానికి వెనక్కి తిప్పండి. చేత్తో గీసిన దానిలో గీత ఒక చోట లావుగా, ఒక చోట సన్నగా ఉంటుంది, వెనక కూడా కొంత కనపడుతుంది. రెండు నెమళ్లు అచ్చంగా ఒకేలా ఉంటే స్క్రీన్ ప్రింట్. కృష్ణా జిల్లా పెడన పని వేరు, అది చెక్క అచ్చుది. డిజైను మళ్లీ మళ్లీ రావడం అక్కడ లోపం కాదు, అచ్చు అచ్చుకూ కలిసే చోట చిన్న తేడా కనపడటమే గుర్తు. కర్టెన్లు, దిండు గలీబులు కావాలంటే మీటర్ల లెక్కన పెడనది తీసుకోండి. పూలు, తీగలు ఉన్నవే. పట్టాభిషేకాన్ని ముక్కలు చేసి కుషన్లు కుట్టించి కాళ్ల దగ్గర వేసే ఫ్యాషన్ ఒకటి నడుస్తోంది. అది నాకు సుతరామూ నచ్చదు. గీసినవాళ్లు దాన్ని కూర్చునేందుకు గీయలేదు.

పడుగుపేక:
3×4 అయితే నా వాదన ఇంకా గట్టిది. వంటగదికి దూరంగా ఉన్న అడ్డగోడ మీద అద్దం అవసరం ఏముంది? వెల్క్రో అయితే రెండు నిమిషాల్లో ఊడదీయొచ్చు. నాలుగు నెలలు ఉంచి, వానలు మొదలవగానే చుట్టి లోపల పెట్టొచ్చు. ఫ్రేం కడితే ఏడాది పొడుగునా గోడ మీదే.

దుమ్ముకు నెలకోసారి వాక్యూమ్, తక్కువ జోరులో, గొట్టం మూతికి దోమతెర గుడ్డ కట్టి. గంజి మాత్రం పెట్టించకండి, సిల్వర్‌ఫిష్ పురుగు మొదట వెతికేది దాన్నే.

ఫ్రేంపని:
తీసి పెట్టడం, చుట్టడం, మళ్లీ కట్టడం, ఇవన్నీ కూడా గుడ్డను అలసిపోయేలా చేసేవే. ఏటా శ్రద్ధగా చేసేవాళ్లు ఇంట్లో ఉంటే సరే. లేదంటే ఫ్రేమే మేలని ఇప్పటికీ అంటాను.

నీలిమందు:
చుట్టే పద్ధతి తెలిస్తే అలసట తక్కువ. మడతపెట్టి బీరువాలో పెట్టకండి. మూడు నాలుగంగుళాల లావు అట్ట గొట్టం, గుడ్డ కన్నా అరడుగు పొడుగుది తీసుకోండి. దాని మీద వంటింటి అల్యూమినియం రేకు, ఆపైన ఉతికిన తెల్లగుడ్డ చుట్టండి. కలంకారీని బొమ్మ బయటికి ఉండేలా, పడుగు దారాల దిశలో, ముడత లేకుండా చుట్టాలి. వెల్క్రో ఉన్న అంచు చివరికి రావాలి, ముందు పెడితే పైన ప్రతి చుట్టులోనూ గట్టు తేలుతుంది. పైన ఇంకో నూలుగుడ్డ, దాన్ని వెడల్పు నాడాతో వదులుగా కట్టాలి. ప్లాస్టిక్ సంచి వద్దు. వేపాకు వేస్తే నేరుగా గుడ్డకు తగలకుండా, బాగా ఎండినది వేరే మూటలో వేయండి. పచ్చి ఆకు చెమ్మ తెస్తుంది.

తూరుపుగాలి:
3×4 నిలువు, నాలుగంగుళాల ఖాళీతో గీయించి, అడ్డగోడకు రీపరు మీద కడతాను. నూనె జిడ్డు ఎంత చేరుతుందో తెలుసుకోడానికి ఒక తెల్ల నూలుగుడ్డ ముక్కను ఇప్పుడే అదే గోడకు పిన్ను కొట్టి, ఇంకో ముక్క బీరువాలో దాచి, ఆర్నెల్ల తర్వాత పక్కపక్కన పెట్టి చూస్తే సరిపోతుందా?

ఫ్రేంపని:
సరిపోతుంది. వంటగది వైపు గోడకు కూడా ఒక ముక్క పెట్టండి. ఆ మూడూ ఇక్కడ చూపిస్తే అద్దం కావాలో వద్దో వాదించక్కర్లేదు.