నేపాల్ అనాథాశ్రమంలో నెల రోజుల సేవకు వెళ్లవచ్చా?

వరికంకి (మిర్యాలగూడ) అడుగుతున్నారు:

అందరికీ నమస్కారం. మాది మిర్యాలగూడ దగ్గర ఒక పల్లె. డిగ్రీ పూర్తయిన తర్వాత పూర్వ ప్రాథమిక ఉపాధ్యాయ శిక్షణ తీసుకుని, రెండేళ్లుగా నల్లగొండలోని ఒక ప్రైవేటు పాఠశాలలో నర్సరీ పిల్లలకు చదువు చెబుతున్నాను. వచ్చే వేసవి సెలవుల్లో ఖాట్మండులోని ఒక అనాథాశ్రమానికి వెళ్లి, నాలుగు వారాల పాటు రెండేళ్ల నుంచి ఐదేళ్ల లోపు పిల్లల మంచిచెడ్డలు చూసుకోవాలని అనుకుంటున్నాను. ఈ ఏర్పాట్లు చేసే సంస్థ బసకు, భోజనానికి, ఆశ్రమానికి ఇచ్చే విరాళానికి కలిపి 65 వేల రూపాయలు అడుగుతోంది. ప్రయాణ ఖర్చులు వేరు. కంబోడియా కూడా చూపించారు గానీ, నేపాల్‌కు మనకు వీసా అవసరం లేదు కనుక అదే సులువని వారే చెప్పారు. అడ్వాన్సుగా 5 వేలు కట్టాను.

"పైసలిచ్చి పని జేసుడేంది బిడ్డా" అని మా నాన్న అడిగిన మాటకు నా దగ్గర సరైన జవాబు లేదు. అయినా వెళ్లాలనే ఉంది. ఇంతకు ముందు ఇలా వెళ్లినవారు ఎవరైనా ఉంటే మూడు విషయాలు చెప్పగలరు. నాకు నేపాలీ రాదు, హిందీతో నెట్టుకురావచ్చా? నాలుగు వారాలు చాలా తక్కువ సమయం కనుక పిల్లలు నాకు త్వరగా దగ్గర కావాలంటే మొదటి రోజు నుంచి ఏం చేయాలి? తిరిగి వచ్చేటప్పుడు వారు ఏడవకుండా ఎలా బయలుదేరాలి?

మూసీ ఒడ్డు (సూర్యాపేట):

చెల్లీ, మీ రెండో ప్రశ్ననూ మూడో ప్రశ్ననూ పక్కపక్కన పెట్టి మరొకసారి చదవండి. పిల్లలు త్వరగా దగ్గర కావాలి, కానీ మనం వచ్చేటప్పుడు ఏడవకూడదు. నేను కూడా సరిగ్గా ఈ రెండు కోరికలతోనే 2013 డిసెంబరులో కంబోడియాలోని సియెం రీప్‌కు వెళ్లాను. అప్పట్లో హైదరాబాదులో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేస్తూ, అంగ్‌కోర్ వాట్ చూసినట్టూ ఉంటుంది, ఒక మంచి పని చేసినట్టూ ఉంటుందని మూడు వారాల సెలవు పెట్టాను.

నేను గేటు తీసి లోపల అడుగు పెట్టీ పెట్టకముందే మూడేళ్ల పాప ఒకతె పరుగెత్తుకొచ్చి నా కాళ్లను చుట్టేసింది. ఎత్తుకుంటే దిగలేదు. ముక్కూ మొహం తెలియని మనిషిని చూసి మన ఇళ్లలోని మూడేళ్ల పిల్లలైతే అమ్మ కొంగు వెనక్కి పోతారు కదా, ఈ పాప ఎందుకు పోలేదన్న అనుమానం నాకు ఆ రోజు రాలేదు. నా మీద ప్రేమే అనుకున్నాను. ఆ మూడు వారాలూ ఆమెకు అన్నం తినిపించాను, తల దువ్వాను, పక్కలో పడుకోబెట్టుకున్నాను. చివరి రోజు నేను సామాను సర్దుకుంటుండగా విమానాశ్రయం నుంచి వ్యానులో కొత్త బృందం దిగింది. ఆ పాప అదే పరుగుతో వెళ్లి, ముందు దిగిన అమ్మాయి కాళ్లను అదే విధంగా చుట్టేసింది. నావైపు తిరిగి చూడలేదు. మీరు భయపడుతున్న ఏడుపు అక్కడ లేదు, నాకు బాధ కలిగించింది కూడా అదే.

దాని అర్థం ఏమిటో తిరిగి వచ్చిన తర్వాత వెతుక్కుని చదివాను. రుమేనియాలో 1989లో నియంత చౌషెస్కూ ప్రభుత్వం కూలిన నాటికి లక్షకు పైగా పిల్లలు ప్రభుత్వ ఆశ్రమాల్లో ఉన్నారు. 2000 సంవత్సరంలో బుకారెస్ట్‌లోని ఆరు ఆశ్రమాల నుంచి 136 మంది చిన్నపిల్లలను తీసుకుని, చీటీలు తీసినట్టు సగం మందిని పెంపుడు కుటుంబాలకు పంపి, మిగిలిన వారు ఆశ్రమ సంరక్షణలో కొనసాగగా, ఏళ్ల తరబడి అందరినీ పరిశీలించారు. కుటుంబంలోకి వెళ్లిన పిల్లలు, అందులోనూ రెండేళ్ల లోపే వెళ్లినవారు, మనుషులతో స్థిరమైన అనుబంధం ఏర్పరచుకోవడంలో చాలా మెరుగ్గా ఉన్నారు. ఆశ్రమాల్లో పెరిగే పిల్లల్లో కొందరికి తన, పర అనే తేడా లేకుండా ఎవరి చేతుల్లోకైనా వెళ్లిపోయే లక్షణం వస్తుందని కూడా అక్కడే తెలుసుకున్నాను. పసివాడికి కావలసింది పదిమంది ప్రేమ కాదు, ప్రతి ఉదయం కనిపించే ఒకే ముఖం. మనం మూడు వారాలకొకరం వెళ్లి ఆ పాపకు నేర్పింది, దగ్గరైన మనిషి ఎప్పుడైనా వెళ్లిపోతుందనే పాఠం మాత్రమే.

ఇక భాష గురించి. ఖాట్మండులో పెద్దవారితో హిందీ బాగానే నడుస్తుంది. రెండేళ్ల పిల్లవాడితో నడవదు. జ్వరం వచ్చిందో, కడుపు నొస్తోందో, చీకటికి భయపడుతున్నాడో మీకు చెప్పుకోలేడు.

దేవరకొండ బాట:

అమ్మా, నేను మహిళా శిశు సంక్షేమ శాఖలో పనిచేసి పదవీ విరమణ పొందినవాడిని. పిల్లల మనసు సంగతి పైన చెప్పిన అమ్మాయి చక్కగా చెప్పింది. అసలు ఆ పిల్లలు ఆ ఇంట్లోకి ఎలా వచ్చారన్నది నేను చెబుతాను, ఎందుకంటే దాన్ని మన జిల్లాలోనే కళ్లారా చూశాను.

1999లో ఒకసారి, 2001లో మరొకసారి, దేవరకొండ చుట్టుపక్కల లంబాడా తండాల నుంచి ఆడశిశువులను కొద్దిపాటి సొమ్ముకు తెచ్చి, హైదరాబాదులోని కొన్ని దత్తత సంస్థల ద్వారా విదేశాలకు పంపుతున్న వ్యవహారం బయటపడి దేశమంతా గగ్గోలెత్తిన సంగతి మీ తరానికి తెలియకపోవచ్చు. అప్పుడు నేను తండాలకు తిరిగిన మనిషిని. కన్నతల్లి గుడిసెలో ఉండగానే ఇక్కడ కాగితం మీద బిడ్డ అనాథ అయింది. పేదరికం తండాలో ఉంది, డబ్బు విదేశంలో ఉంది, మధ్యలో ఒక దళారీ, ఒక దొంగ సంతకం. కొనేవారు లేకపోతే ఆ సంతకానికి విలువే లేదు.

నేపాల్‌లో జరిగినదీ ఇంచుమించు ఇదే. అక్కడ 1996 నుంచి 2006 వరకు సాగిన అంతర్యుద్ధ కాలంలో, హుమ్లా వంటి మారుమూల కొండ జిల్లాల తల్లిదండ్రుల దగ్గరికి దళారులు వెళ్లి, పిల్లలను యుద్ధానికి దూరంగా ఖాట్మండులో బడిలో వేస్తామని నమ్మించి, వారి దగ్గరే డబ్బు తీసుకుని, తెచ్చిన పిల్లలను ఆశ్రమాల్లో అనాథలుగా చూపించారు. ఆ దేశంలోని ఆశ్రమాల్లో అత్యధిక భాగం పేదరికం ఎక్కువగా ఉన్న కొండ జిల్లాల్లో లేవు. ఖాట్మండు లోయలో, పోఖరా ఉన్న కాస్కీలో, చిత్వన్‌లో, అంటే విదేశీ యాత్రికులు తిరిగే చోట్ల ఉన్నాయి. ఈ ఒక్క విషయమే నాకు చాలా చెబుతుంది. 2015 ఏప్రిల్ 25న భూకంపం వచ్చిన తర్వాత అక్కడి ప్రభుత్వం కొత్త ఆశ్రమాల నమోదును ఆపివేసి, పిల్లలను సరైన పెద్దలు వెంట లేకుండా జిల్లా దాటించరాదని ఆదేశించవలసి వచ్చింది. కంబోడియాలో 2005, 2010 మధ్య ఆశ్రమాల సంఖ్య 75 శాతం పెరిగింది. ఆ ఐదేళ్లలో అక్కడ అంతర్యుద్ధం లేదు, పెరిగింది పర్యాటకులే. ఆ ఆశ్రమాల్లోని ప్రతి నలుగురు పిల్లల్లో ముగ్గురికి తల్లో తండ్రో బతికే ఉన్నట్టు 2011లో తేలింది. ఇవన్నీ చూసిన తర్వాతే ఆస్ట్రేలియా 2018లో ఆధునిక బానిసత్వ చట్టం చేసిన సందర్భంలో ఆశ్రమాల కోసం పిల్లలను తరలించడాన్ని కూడా ఆ కోవలో గుర్తించింది. మరుసటి ఏడాది ఐక్యరాజ్యసమితి సాధారణ సభ తీర్మానంలో కూడా ఆశ్రమాల్లో స్వచ్ఛంద సేవ వల్ల కలిగే హాని ప్రస్తావన వచ్చింది. మూడేళ్ల లోపు పిల్లలను కుటుంబ వాతావరణంలోనే ఉంచాలన్న మార్గదర్శకాలు 2009 నుంచే ఉన్నాయి.

ఒక చిన్న పరీక్ష చెబుతాను. రేపు ఉదయం మీరు నల్లగొండలో దిక్కులేని పసిపిల్లలను ఉంచే శిశుగృహకు వెళ్లి, నేను నెల రోజులు పిల్లలను ఎత్తుకుంటాను, స్నానం చేయిస్తాను, డబ్బు కూడా ఇస్తాను అనండి. లోపలికి రానివ్వరు. రానివ్వకూడదు కూడా. బాల న్యాయ చట్టం 2015 ప్రకారం అటువంటి ప్రతి సంస్థ 41వ సెక్షన్ కింద నమోదై ఉండాలి, ప్రతి బిడ్డ బాలల సంక్షేమ సమితి ఉత్తర్వు మీదనే అక్కడికి రావాలి, 74వ సెక్షన్ ప్రకారం ఆ బిడ్డ ఎవరో తెలిసేలా ఫోటో గానీ పేరు గానీ ప్రచురించకూడదు. మన పిల్లల విషయంలో మనం ఒప్పుకోని పనిని ఖాట్మండు పిల్లల విషయంలో 65 వేలకు ఎలా ఒప్పుకుంటాం?

అడ్వాన్సు కట్టారు కనుక ఆ సంస్థకు మూడే ప్రశ్నలు రాయండి: ఆశ్రమం నమోదు పత్రం పంపగలరా, అక్కడి పిల్లల్లో తల్లిదండ్రులు ఉన్నవారిని ఇళ్లకు చేర్చడానికి ఏం చేస్తున్నారు, నన్ను పిల్లల దగ్గరికి పంపే ముందు నా గురించి పోలీసు విచారణ పత్రం ఎందుకు అడగలేదు. మూడో ప్రశ్నకు వచ్చే జవాబును శ్రద్ధగా చదవండి.

పాలమూరు మట్టి (మక్తల్):

పెద్దాయన మాటను కాదనను గానీ, ఆశ్రమాలన్నింటినీ ఒకే గాటన కట్టడం నాకు నచ్చలేదు. నేను అటువంటి చోటనే పెరిగాను. మా అమ్మానాన్నలు గుంపు మేస్త్రీ వెంట పుణె పోయి తట్ట పని చేసేవారు. నన్ను ఒక ధర్మ సంస్థ వారి హాస్టల్‌లో వేశారు. అది లేకపోతే నేను కూడా ఆ తట్టే మోసేవాడిని. ఇవాళ ఈ నాలుగు ముక్కలు రాయగలుగుతున్నానంటే ఆ హాస్టల్ పెట్టిన అన్నమే కారణం.

అయితే ఒక మాట ఇంతవరకు ఎవరికీ చెప్పలేదు. విదేశీ అతిథులు వచ్చిన రోజు మాకు కొత్త బట్టలు తొడిగి, అడిగితే నాన్న లేడని చెప్పమనేవారు. నేను చెప్పేవాడిని. మా నాన్న అప్పుడు పుణెలో ఏదో బిల్డింగు నాలుగో అంతస్తు మీద ఉండేవాడు. దసరాకు ఇంటికి వస్తే ఆయన ముఖం చూడటానికి నాకు సిగ్గేసేది, నా నోటితో నేనే ఆయనను చంపినట్టు. హాస్టల్ కావాలి, అన్నం కావాలి, చదువు కావాలి. ఆ అబద్ధం మాత్రం ఆ అతిథుల కోసమే పుట్టింది.

మూసీ ఒడ్డు:

అన్నా, మీరు పెరిగిన హాస్టల్‌కు బడి వయసు పిల్లవాడు చదువు కోసం వెళ్లాడు, దసరాకు ఇంటికి వచ్చాడు. ఆమె అడుగుతున్నది రెండేళ్ల పిల్లల గురించి. ఆ తేడా ఉందనే అనుకుంటున్నాను. అయినా ఆ అబద్ధం విషయం చదివిన తర్వాత, సియెం రీప్ పాప తల్లి అప్పుడు ఎక్కడ ఉందో అన్న ఆలోచన నన్ను వదలడం లేదు. ఆ ప్రశ్న నేను అక్కడ ఎవరినీ అడగలేదు.

వరికంకి:

సమాధానం ఇచ్చిన అందరికీ కృతజ్ఞతలు. పది రోజులు ఆలస్యంగా రాస్తున్నందుకు మన్నించండి. మూడు ప్రశ్నలూ ఆ సంస్థకు పంపాను. నమోదు పత్రం అక్కడికి వెళ్లిన తర్వాత చూపిస్తామన్నారు. తల్లిదండ్రుల గురించి అడిగినదానికి పిల్లలు నవ్వుతున్న పన్నెండు ఫోటోలు పంపారు, ఒక్కొక్కరి పేరు కింద రాసి ఉంది. పోలీసు పత్రం విషయంలో, "మీలాంటి మంచి మనసున్న వారికి అది అవసరం లేదు" అన్నారు. ఆ వాక్యం చదివినప్పుడు నాకు పొగడ్త అనిపించలేదు, భయం వేసింది. మంచి మనసు లేనివాడు అడిగినా ఇదే జవాబు వెళ్తుంది కదా.

ప్రయాణం మానుకున్నాను. అడ్వాన్సు తిరిగి ఇచ్చేది లేదన్నారు, అది పోయినట్టే. నాన్న ఏమీ అనలేదు గానీ, కావాలంటే నేపాల్ ఊరికే చూసి రమ్మన్నారు. దేవరకొండ సార్‌కు ఒక ప్రశ్న: పసిపిల్లలతో నేర్చుకున్న పని నాకు ఉంది, సెలవులు ఉన్నాయి, దాచుకున్న డబ్బులో కొంత ఉంది. వీటిని ఎక్కడ పెడితే బిడ్డ తల్లి దగ్గరే ఉండటానికి పనికొస్తుంది?

దేవరకొండ బాట:

అమ్మా, డబ్బు సంగతి ముందు. కేంద్ర ప్రభుత్వ బాలల సంరక్షణ పథకమైన మిషన్ వాత్సల్య కింద, తండ్రిని కోల్పోయి తల్లి దగ్గర పెరుగుతున్న పిల్లల వంటి వారికి నెలకు 4 వేల రూపాయల స్పాన్సర్‌షిప్ వచ్చే వీలుంది. దరఖాస్తు జిల్లా బాలల సంరక్షణ అధికారి కార్యాలయంలో ఇవ్వాలి. చాలామంది తల్లులు కాగితాలు కూడగట్టుకోలేక అక్కడే ఆగిపోతారు. మీ పల్లెలో అటువంటి ఇద్దరు తల్లుల వెంట ఉండి ఆదాయ ధ్రువపత్రం, మరణ ధ్రువపత్రం తెప్పించి, దరఖాస్తు పెట్టించి, మంజూరయ్యే వరకు తిరగండి. దానికి ఆటో ఛార్జీలు తప్ప ఖర్చు లేదు.

ఇక మీ నేర్పు. పిల్లలను నేరుగా ఎత్తుకోవడానికి బదులు, వారిని రోజూ ఎత్తుకునేవారికి నేర్పండి. అంగన్‌వాడీ టీచరు, ఆయమ్మ, ఈ ఇద్దరే ఆ పిల్లలకు ఏళ్ల తరబడి కనిపించే ముఖాలు. అంగన్‌వాడీలను పర్యవేక్షించే మీ సెక్టారు సూపర్‌వైజరును కలిసి, పాటలు, ఆటవస్తువుల తయారీ వారికి చూపిస్తానని అడగండి. పోలీసు విచారణ పత్రం వారు అడగకముందే వెంట తీసుకుని వెళ్లండి.